పాత కతోలిక దేవాలయం వయసు ఎలా తేల్చాలి? తోరణం మీద ఏ సంవత్సరం రాయించాలి?

చిత్తూరుకు దగ్గరలోని మీ విచారణ (పారిష్) దేవాలయానికి వచ్చే సంవత్సరం జూబిలీ జరపాలని అనుకుంటున్నారు. ఊరి పెద్దలు అది మూడు వందల ఏళ్ళ నాటి గుడి అంటున్నారు. పైకప్పు పెంకు మీద 1865 అని ఉంది కాబట్టి అదే అసలు సంవత్సరమని కమిటీలో ఒకరి వాదన. వాకిలి పైనున్న రాతి మీది రోమన్ అంకెలు ఏళ్ళ తరబడి సున్నం కొట్టడం వల్ల సగం పూడిపోయాయి. ఇది పోర్చుగీసు కట్టడమా, గోతిక్ కట్టడమా అన్న తగాదా కూడా ఉంది. ఇన్నింటిలో దేన్ని నమ్మి స్వాగత తోరణం మీద సంవత్సరం రాయించాలి అన్నది మీ ప్రశ్న.

నేరుగా జవాబు చెబుతాను. ఒక దేవాలయానికి వయసు ఒకటి ఉండదు, మూడు ఉంటాయి. ఆ ప్రాంతంలో కతోలిక సంఘం ఏర్పడిన నాటి నుంచి లెక్కించేది ఒకటి, ఆ స్థలంలో మొదటి గుడి లేచిన నాటి నుంచి లెక్కించేది మరొకటి, ఈనాడు మన కళ్ళకు కనబడే గోడల వయసు ఇంకొకటి. మీ పెద్దలు చెబుతున్నది మొదటి వయసు. పెంకును చూసి చెబుతున్నది మాత్రం ఈ మూడింటిలో ఏదీ కాదు. మీరు రాసిన వివరాలను, అంటే రెండడుగుల మందపు సున్నపు గోడలు, పైన మొనదేలిన కిటికీలు, బయటి వైపు ఆనుడు స్తంభాలు, మంగుళూరు పెంకు, పక్కగది కప్పులో ఇనుప దూలాలు, వీటిని బట్టి చూస్తే ఇప్పటి కట్టడం సుమారు 1880కి, 1920కి నడుమ లేచినదని నా అంచనా. కచ్చితమైన సంవత్సరం రాతి మీద, జ్ఞానస్నాన (బాప్తిస్మం) నమోదు పుస్తకాలలో దొరకాలి. అది దొరికే దాకా తోరణం మీద 1865 రాయించవద్దు.

నేను తిరుపతిలో పుట్టి పెరిగిన సివిల్ ఇంజనీరును. ముప్పై ఏళ్ళకు పైగా పాత కట్టడాల మరమ్మతులే నా వృత్తి. మొదట్లో మండపాలు, సత్రాలు చూసేవాడిని, తరవాత చిత్తూరు, పలమనేరు, వేలూరు వైపు చర్చిల పనులు కూడా చేశాను. తిరుమల, తిరుపతి గుళ్ళలో వెయ్యికి పైగా శాసనాలు ఉన్నాయి కాబట్టి ఎవరు ఏమి ఇచ్చారో, ఎప్పుడు ఇచ్చారో రాయే చెబుతుంది. చర్చిలలో ఆ సౌకర్యం లేదు. అక్కడ రాయి రెండు ముక్కలు చెబుతుంది, మిగతాది కాగితం చెప్పాలి, ఆ రెండూ పొసగుతాయో లేదో గోడ చెప్పాలి.

మూడు వయసుల మాట మీ కమిటీకి నచ్చజెప్పాలంటే అందరూ చూసి ఉండే మద్రాసు శాంథోమ్ బసిలికాను చూపించండి. తోమా అపొస్తలుడి సమాధిగా భావించే ఆ చోట పోర్చుగీసు వాళ్ళు పదహారో శతాబ్దంలో గుడి కట్టారు. 1606లో అది మైలాపూరు మేత్రాసనానికి, అంటే ఒక బిషప్పు పాలనలోని ప్రాంతానికి, కేథడ్రల్ (బిషప్పు ప్రధాన దేవాలయం) అయింది. కానీ మనం ఈరోజు లోపలికి నడిచి వెళ్ళే తెల్లటి గోతిక్ కట్టడం ఆ పాత గుడిని తీసేసి 1893లో మొదలుపెట్టి, 1896లో అభిషేకించినది. పోపు ఇచ్చే బసిలికా అనే గౌరవ హోదా 1956లో వచ్చింది. శాంథోమ్ ఎంత పాతది అని అడిగితే ఈ జవాబులన్నీ నిజమే, అయితే గోడను తట్టి అడిగితే మాత్రం 1896 ఒక్కటే నిజం. పుదుచ్చేరి కేథడ్రల్ సంగతీ ఇంతే. అదే చోట అంతకుముందు ఉన్న గుళ్ళు యుద్ధాలలో కూలిన తరవాత ఇప్పటిది 1791లో పూర్తయింది.

ఇక మీ పెద్దలు చెప్పే మూడు వందల ఏళ్ళ మాట. దాన్ని కొట్టిపారేయకండి. పద్దెనిమిదో శతాబ్దం మొదటి ఏళ్ళలోనే ఫ్రెంచి యేసుసభ (జెస్యూట్) గురువులు కర్ణాటక మిషన్ అనే పేరుతో మన ప్రాంతానికి వచ్చారు, పుంగనూరు వారి తొలి మకాములలో ఒకటి. కాషాయం కట్టి, మాంసం మానేసి, సన్యాసుల తీరున బతికిన గురువులు వాళ్ళు. అనంతపురం వైపు కృష్ణాపురం వారి మరో ముఖ్య కేంద్రం. 1732లో ఈ మిషన్‌కు వచ్చిన గాస్తోన్ కేర్దూ తెలుగు నేర్చుకుని నిఘంటువు తయారుచేయడమే కాక, సంస్కృతానికి లాటిన్, గ్రీకు భాషలతో ఉన్న చుట్టరికం గురించి 1767లో ఫ్రాన్సులోని అకాడమీకి రాశాడు. భాషాశాస్త్రం చదివినవాళ్ళకు ఈ పేరు తెలిసే ఉంటుంది. కాబట్టి మీ వంశాలలో కొన్ని అప్పటి నుంచే కతోలికులైతే అందులో ఆశ్చర్యపడవలసింది లేదు.

అయితే ఆనాటి గుడి ఇప్పుడు నిలిచి ఉండడం చాలా అరుదు. అప్పట్లో పల్లెలలో కట్టుకున్నవి ఎక్కువగా మట్టి గోడలు, బోద కప్పు ఉన్న ప్రార్థనాశాలలు. పైగా ఆ శతాబ్దమంతా ఈ దారి వెంట సైన్యాలు నడిచాయి. 1740లో దామలచెరువు కనుమ దగ్గర మరాఠాల చేతిలో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ చనిపోయాడు. 1782 డిసెంబరులో హైదర్ అలీ కన్నుమూసింది చిత్తూరు పక్కనే ఉన్న నరసింగరాయనిపేట దండులో. ఈ రెంటి మధ్య 1773లో పోపు పద్నాలుగో క్లెమెంటు యేసుసభనే రద్దు చేశారు, 1776లో పారిస్ విదేశీ మిషన్ల సంఘం పుదుచ్చేరి కేంద్రంగా ఆ బాధ్యత తీసుకునేసరికి చాలా ఊళ్ళలో గురువులే లేరు. 1876-78 ధాత కరువు తరవాత మిషన్లు మళ్ళీ పుంజుకున్నాయి, రైలు వచ్చింది, పెంకు, ఇనుము, టేకు చవకగా చేరాయి. మన ప్రాంతంలో నేను చూసిన పక్కా దేవాలయాలలో ఎక్కువ భాగం ఆ తరవాతి నలభై ఏళ్ళలోవే. మీ గుడికి నేను కట్టిన అంచనాకు సగం ఆధారం ఇదే.

పెంకు మీద ఉండేది ఫ్యాక్టరీ పుట్టిన సంవత్సరం. ఈ పొరపాటు నాకు కనీసం నాలుగైదు చోట్ల ఎదురైంది. స్విట్జర్లాండు నుంచి వచ్చిన ప్రొటెస్టెంటు సంస్థ బాసెల్ మిషన్ వాళ్ళు మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది 1865లో. దాన్నే తమ గుర్తుగా ప్రతి పెంకు వెనక అచ్చు వేశారు, 1865లో చేసిన పెంకు మీదా అదే, 1905లో చేసిన పెంకు మీదా అదే. కాబట్టి ఆ పెంకు చెప్పగలిగింది ఒక్కటే: ఈ కప్పు 1865కు ముందుది కాదు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక ఆ వ్యాపారం మిషన్ చేతి నుంచి జారి కామన్‌వెల్త్ ట్రస్టుకు పోయింది. కాబట్టి మీ కప్పు మీద ఆ రెండో పేరున్న పెంకులు కూడా ఉంటే, యుద్ధం తరవాత ఎప్పుడో కప్పు విప్పి సర్దారని అర్థం. ఇనుప దూలాలకూ ఇదే లెక్క. వాటి నడుమ భాగంలో తయారీదారు పేరు పోతపోసినట్టు ఉబ్బెత్తుగా ఉంటుంది. డార్మన్ లాంగ్ అని కనబడితే ఆ కంపెనీ 1875లో పుట్టింది కాబట్టి దూలం అంతకు ముందుది కాదు. గంట మీద సంవత్సరం ఉన్నా దాన్ని గంటకే పరిమితం చేయండి. గంటలు కానుకగా ముందో వెనకో వస్తూనే ఉంటాయి.

రాతి విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు జవాబు బహుశా అక్కడే ఉంది. కొన్నేళ్ళ క్రితం సరిహద్దు దగ్గరి ఒక ఊరి దేవాలయం వాళ్ళు తమ గుడి 1812 నాటిదని ద్విశతాబ్ది ఉత్సవం కూడా చేసేశారు. కప్పు మరమ్మతు అంచనా కోసం నన్ను పిలిచారు. వాకిలి పైన నల్లరాయి, దాని మీద వెండిరంగు ఎనామిల్‌తో దిద్దిన రోమన్ అక్షరాలు: ఎం, డి, మూడు సీలు, ఎక్స్, రెండు ఐలు. వెయ్యి, అయిదు వందలు, మూడు వందలు, పది, రెండు కలిపితే 1812 అవుతుంది, లెక్కలో తప్పు లేదు. కానీ ఎక్స్‌కు, మొదటి ఐకి నడుమ ఒక అక్షరం పట్టేంత ఖాళీ ఉంది. రాయి చెక్కే పనివాడు అంత ఖాళీ ఊరికే వదలడు. ఆ సాయంత్రం చీకటి పడ్డాక నిచ్చెన ఎక్కి, టార్చిలైటును రాతికి ఎదురుగా కాకుండా గోడకు ఆనించి పక్కవాటుగా పట్టాను. ఆ ఖాళీలో గోరుచంద్రుడిలాంటి నీడ ఒకటి తేలింది. అది సున్నంతో పూడిపోయిన సి. పది అంకె తరవాత వంద అంకె వస్తే తొంభై, అంటే అది 1892. రంగులు వేసిన పెయింటరుకు రోమన్ అంకెలు తెలియవు, కనబడిన వాటిని కనబడినట్టు దిద్దాడు, ఎనభై ఏళ్ళు పెరిగాయి. నేను ఆ మాట చెప్పినప్పుడు కమిటీ పెద్దల ముఖాలు చూడలేకపోయాను.

కాబట్టి మీరు చేయవలసింది ఇది. ముందు రాత్రిపూట పక్క వెలుతురులో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి. ఆ తరవాతే తడిగుడ్డతో నానబెట్టి, వెదురు పుల్లతో మెల్లగా సున్నం తీయండి. ఇనుప బ్రష్షు, యాసిడ్ రెండూ నిషేధం అనుకోండి. అంకెలతో పాటు ఆ రాయి ఏ సందర్భానికి వేసినదో కూడా చదవాలి. శంకుస్థాపన రాయి వేరు, గుడిని ఆశీర్వదించి తెరిచిన నాటి రాయి వేరు, రెంటికీ నడుమ పదేళ్ళు గడిచిన చోట్లూ ఉన్నాయి. ఊరి పేరు పక్కన ఉత్తర ఆర్కాటు అని ఉంటే అది 1911 ఏప్రిల్‌కు ముందు మాట అయ్యే అవకాశం ఎక్కువ, ఎందుకంటే చిత్తూరు జిల్లా ఏర్పడింది అప్పుడే. ఐ హెచ్ ఎస్ అనే మూడక్షరాల ముద్ర కనబడగానే యేసుసభ కట్టిన గుడి అని తేల్చకండి. అది వాళ్ళ ముద్రే, అయినా యేసు నామానికి గుర్తుగా ఇతర గురువులు కట్టిన గుళ్ళలోనూ పీఠం మీద, తలుపుల మీద చెక్కుతారు. రాతి మీది సంవత్సరాన్ని కూడా కళ్ళు మూసుకుని నమ్మకూడదనడానికి మద్రాసు లజ్ చర్చి ఉంది. కాట్టు కోవిల్ అని అక్కడివాళ్ళు పిలిచే ఆ గుడి రాతి మీద 1516 అని ఉన్నా, ఆ సంవత్సరాన్ని చరిత్రకారులు అందరూ ఒప్పుకోలేదు.

పోర్చుగీసా, గోతిక్కా అన్న తగాదాకు నా అభిప్రాయం కొంచెం నిష్ఠురంగా ఉంటుంది. మీ గుడి ఆకారం గోతిక్, ఒళ్ళు మాత్రం చిత్తూరుది. మొనదేలిన కమాను గోతిక్ పద్ధతికి గుర్తు. గుండ్రటి కమానులు, చుట్టలు తిరిగిన అలంకారంతో ఎత్తుగా లేచే ముఖద్వారపు గోడ ఉంటే పోర్చుగీసు బరోక్ వాసన అనుకోవచ్చు, దానికి లజ్ చర్చే ఉదాహరణ. అయితే యూరపులో గోతిక్ గుడికి పైన రాతి కప్పు ఉంటుంది. ఆ బరువు గోడలను బయటికి తోస్తుంది కాబట్టి ఆనుడు స్తంభాలు అవసరం. మీ గుడి పైన ఉన్నది కొయ్య దూలాల మీద పెంకు, అది గోడలను తోసే బలం కొంచెమే. అయినా స్తంభాలు పెట్టారంటే, పొడవాటి గోడకు నిటారుదనం ఇస్తాయన్న లెక్క కొంత, గురువుగారు తన దేశంలో చూసిన గుడి రూపం మీద మమకారం కొంత. బయటి గారలో రాతి దిమ్మెల్లాగా గీతలు గీసి ఉంటే దగ్గరికి వెళ్ళి చూడండి. లోపల ఇటుకే ఉంటుంది. గీతలు లాగింది మన తాపీ మేస్త్రీలు. కొయ్య వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే చంద్రగిరి రాజమహలును నిలబెట్టిన నేల ఇది, మొనదేలిన కమాను ఇక్కడి మేస్త్రీలకు బ్రహ్మవిద్య ఏమీ కాదు.

లోపల చూడవలసింది గురువు పూజ చేసే పీఠం. వెనక గోడకు ఆనించిన ఎత్తైన పాత పీఠం, దాని ముందు ప్రజల వైపు తిరిగిన కొత్త పీఠం రెండూ ఉంటే, పాతది రెండో వాటికన్ మహాసభకు, అంటే 1962-65కు ముందుది అనుకోవచ్చు. ఆ తరవాతే గురువు ప్రజలకు ఎదురుగా నిలబడడం, పూజ లాటిన్ నుంచి తెలుగులోకి రావడం జరిగాయి. దివ్యసత్ప్రసాదం తీసుకునేటప్పుడు మోకరించే అడ్డకట్ట మీ గుడిలో ఇంకా మిగిలి ఉంటే దాన్ని దయచేసి కాపాడండి. చాలా చోట్ల గ్రానైటు పరిచే హడావుడిలో అది పోయింది.

గోడను చేత్తో పరీక్షించండి. గార రాలిన ఒక మూల, కంటికి ఆనని చోట, చిటికెడు అతుకుసున్నం గీకి అరచేతిలో నలపండి. పాత సున్నపు పనిలో ఇసుక మధ్య బియ్యపు నూకల్లాంటి తెల్లటి తునకలు తగులుతాయి, అవి గానుగలో పూర్తిగా నలగని సున్నం. కోస్తా నుంచి, ముఖ్యంగా పులికాట్ వైపు నుంచి వచ్చిన గుల్ల సున్నమైతే ఒక్కోసారి గవ్వ అంచు కూడా కనబడుతుంది. నిమ్మరసం చుక్క వేస్తే సున్నం బుసబుస పొంగుతుంది. కాకపోతే పాతబడిన సిమెంటు కూడా కొంత పొంగుతుంది కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్మకుండా మేకుతో గీసి చూడాలి. సున్నం పొడిగా రాలుతుంది, సిమెంటు మీద గీత పడి ఊరుకుంటుంది. మన దేశంలో సిమెంటు తయారీకి 1904లో మద్రాసులో ప్రయత్నం జరిగినా, నిలదొక్కుకున్నది 1914లో పోర్‌బందరులో మొదలైన ఫ్యాక్టరీతోనే. గోడ లోతులో, ఇటుకకు ఇటుకకు నడుమ సిమెంటే ఉంటే ఆ గోడను పంతొమ్మిదో శతాబ్దానికి అంటగట్టడం కష్టం. పైపూతలో ఉంటే మాత్రం అది మరమ్మతు అని సరిపెట్టుకోవచ్చు.

కాగితాల దగ్గరికి వస్తే, మీ విచారణలోని జ్ఞానస్నాన పుస్తకం మొదటి పేజీ చూసి అదే గుడి వయసు అనుకోకండి. నేను పని చేసిన ఒక చోట పుస్తకం 1921లో మొదలైంది, గుడి గోడలు మాత్రం కచ్చితంగా అంతకంటే పాతవి. చివరికి తేలింది ఏమిటంటే, 1921 దాకా ఆ ఊరు మరో విచారణకు ఉపకేంద్రం. అక్కడి పిల్లల పేర్లన్నీ ఇరవై మైళ్ళ అవతలి పుస్తకంలో లాటిన్‌లో ఉన్నాయి: యోహాను యోవన్నెస్‌గా, లూయీ లుదోవికుస్‌గా. చిత్తూరు జిల్లా ఇప్పుడు కడప మేత్రాసనంలో ఉంది. ఆ మేత్రాసనం 1976లో ఏర్పడింది, నెల్లూరు మేత్రాసనం 1928లో ఏర్పడింది. అంతకంటే వెనకటి కాగితాలు కావాలంటే మద్రాసు, వేలూరు, పుదుచ్చేరి వైపు అడగవలసి రావచ్చు. విచారణ గురువుగారి చేత ఒక ఉత్తరం రాయించుకుని వెళ్ళండి, ఊరికే వెళితే చూపించరు, చూపించకపోవడం న్యాయం కూడా. జ్ఞానస్నానాల కంటే జమాఖర్చుల పుస్తకం దొరికితే అదృష్టం అనుకోండి. సున్నం ఎన్ని బండ్లు, పెంకు ఎన్ని వేలు, మేస్త్రీకి ఎంత అన్నవి అందులో ఉంటాయి, గుడి ఏ నెలలో ఏ ఎత్తుకు లేచిందో కూడా దాన్ని బట్టి చెప్పవచ్చు.

తోరణం మీద రాయించే మాటకు నా సలహా: విచారణ చరిత్రకు ఒక పంక్తి, ప్రస్తుత దేవాలయ నిర్మాణానికి వేరొక పంక్తి. మొదటిదానికి ఆధారం దొరకకపోతే సంవత్సరం వేయకుండా పద్దెనిమిదో శతాబ్దపు కర్ణాటక మిషన్ సంప్రదాయం అని రాయండి, అదీ మీ కుటుంబాల చరిత్ర దానికి ఒప్పుకుంటేనే. రెండోదానికి రాయి, పుస్తకం రెండూ ఒకే మాట చెబితేనే అంకె వేయండి. ఒక్కటే దొరికితే సుమారు అన్న మాట చేర్చండి.

మీరు అడగకపోయినా ఒక మాట. జూబిలీ పనులలో గోడలకు సిమెంటు పూత, దాని మీద మెరిసే రంగు వేయించాలని ఉందని రాశారు. దయచేసి వద్దు. సున్నపు గోడ నేల నుంచి పీల్చిన తేమను పైపూత గుండా బయటికి వదులుతూ బతుకుతుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే ఉండిపోయి పైకి ఎక్కుతుంది. నేను ముందే వద్దన్న ఒక దేవాలయంలో మూడో కార్తీక వానలకే నడుము ఎత్తు దాకా రంగు బొబ్బలెక్కి, ఉప్పు పూసి, లోపలి ఇటుక పిండిలా రాలింది. ఆ పూత తీయించడానికి వేయించిన దానికంటే ఎక్కువ ఖర్చయింది. సున్నపు గార చేసే మేస్త్రీలు తక్కువైనా ఇంకా దొరుకుతున్నారు, చెట్టినాడు తరహా సున్నపు గార పని తెలిసినవాళ్ళు వేలూరు వైపు నుంచి వస్తారు. ఇసుక, సున్నం కలిపి నానబెట్టడానికే వారాలు పడుతుంది కాబట్టి పండుగ నెలలో పిలిస్తే పని జరగదు, వేసవి మొదట్లోనే మాట్లాడుకోండి. పెయింటర్లు పరంజా కట్టకముందే ఆ వాకిలి రాతి ఫోటోలు తీసి ఇక్కడ పెడితే, అక్షరాలు చదవడంలో నాకు చేతనైన సాయం చేస్తాను.